అడవి బాటలో హైమండార్ఫ్

క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ 1909వ సంవత్సరమున ఆస్ట్రియా రాజధానియగు వియన్నా నగరమున జన్మించెను. మానవశాస్త్రమున పండితుడై, 1936లో భారతదేశమునకు వచ్చి నాగా కొండలలో పరిశోధన గావించెను. 1939లో మరల వచ్చినంతలో రెండవ ప్రపంచయుద్ధ మారంభమయ్యెను. జర్మనీ పాస్‌పోర్టు గలవాడగుటచే ఆంగ్ల ప్రభుత్వము ఆయనను శత్రుదేశీయునిగా నెంచి, హైదరాబాదు సంస్థానము దాటరాదని కట్టడి చేసెను. ఆ నిర్బంధమునే ఆయన సదవకాశముగా మార్చుకొనెను.

1940లో భార్య బెట్టీతో గూడి నాటి మహబూబునగరు జిల్లాలోని అమరాబాదు పీఠభూమి చేరెను. అచ్చటి చెంచులు దుంపలు త్రవ్వుకొనుచు, తేనె సేకరించుచు, వేటాడుచు, ఋతువును బట్టి తావులు మార్చుచుండిరి. విల్లమ్ములు, గొడ్డలి, దుంపలు త్రవ్వు కర్ర, బుట్టలు, కొలది కుండలు మాత్రమే వారి సామగ్రి. మోయగలిగినంతయే వారి ఆస్తి. అట్టివారి వెంట కొండలెక్కువానికి బరువు మూటలు అడ్డంకులే. కెమెరా, ఫిల్ము, వ్రాతపుస్తకము ఆయన ముఖ్య సాధనములు. ఒక్కొక్క ఫిల్ము చుట్టలో పట్టు చిత్రములు కొన్నియే. కావున ముందు కనులార చూచి, పిదప మీట నొక్కవలసి యుండెను.

1943లో చెంచులపై ఆయన గ్రంథము వెలువడెను. వారికి అడవిలో ప్రత్యేక ప్రాంతము కేటాయింపవలెనని ఆయన చేసిన సిఫారసును నిజాం ప్రభుత్వము మన్నించెను.

1995లో ఆయన లండనులో కన్నుమూసెను. ఆయన తీసిన వేలకొలది ఛాయాచిత్రములు ఆ నగరమందలి విశ్వవిద్యాలయ విద్యాసంస్థలో భద్రముగా నున్నవి. మోయగలిగినంతయే ఆస్తిగా బ్రదికిన ఆ జనుల జీవనము నేటికిని వాటిలో కన్పట్టుచున్నది.