థామస్ కావర్‌హిల్ జెర్డాన్

థామస్ కావర్‌హిల్ జెర్డాన్ (అక్టోబరు 12, 1811 - జూన్ 12, 1872) బ్రిటిషు వైద్యుడు, జంతుశాస్త్రవేత్త. భారతదేశపు పక్షులను సామాన్యులు సైతం గుర్తించుటకు వీలుగా గ్రంథాలు రచించాడు. ఆంధ్రదేశానికే ప్రత్యేకమైన కలివికోడిని శాస్త్రలోకానికి పరిచయం చేసినది ఇతడే.

జీవితం

జెర్డాన్ ఇంగ్లాండులోని డర్హం కౌంటీలో జన్మించాడు. ఎడింబరోలో చదువుకొని, ఈస్టిండియా కంపెనీలో సహాయ వైద్యునిగా చేరి 1836లో మద్రాసు వచ్చాడు. మొదట గంజాం ప్రాంతంలోను, తరువాత దక్కనులోను సైనికులకు వైద్యం చేస్తూ పక్షులను సేకరించాడు. 1841లో ఫ్లోరాను వివాహమాడాడు. నెల్లూరులో సివిల్ సర్జనుగా ఉన్న కాలంలో తూర్పు కనుమల అడవులను ఎరిగిన యానాదుల నుండి జంతువుల గురించి ఎంతో తెలుసుకున్నాడు.

రచనలు

మద్రాసులో 1843-47 మధ్య వెలువడిన చిత్రగ్రంథంలో 50 రంగుల చిత్రాలున్నాయి. వీటిని భారతీయ చిత్రకారులు వేశారు. ఆ రోజుల్లో పక్షుల వర్ణనలు వేర్వేరు పత్రికలలో చెదరి ఉండేవి. గ్రంథాలయానికి దూరంగా నివసించేవారికి తమ ఎదుట వాలిన పక్షి పేరు తెలుసుకొనే మార్గం ఉండేది కాదు. ఈ లోటును తీర్చుటకు జెర్డాన్ 1862-64 మధ్య "ది బర్డ్స్ ఆఫ్ ఇండియా" ప్రచురించాడు. ఇందులో వెయ్యికి పైగా జాతుల వర్ణనలు, వాటిలో అనేకానికి తెలుగు పేర్లు కూడా ఉన్నాయి.

పొన్నంకి పిట్ట

చలికాలంలో దక్షిణ భారతదేశపు తోటలకు వచ్చే పక్షులలో పొన్నంకి పిట్ట ఒకటి. ఆకుపచ్చని వీపు, రెక్కపై నీలి మచ్చ, కంటి మీదుగా నల్లని చార, తెల్లని గొంతు, పొట్ట అడుగున ఎరుపు, పొట్టి తోక దీని గుర్తులు. ఇది నేలపై రాలిన ఆకులను కదుపుతూ పురుగులను ఏరుకు తింటుంది. దీని ప్రజాతికి శాస్త్రీయనామం తెలుగు మాట "పిట్ట" నుండే వచ్చింది. వేసవి ఆరంభంలో పడమటి గాలుల ధాటికి తాళలేక ఈ పక్షులు గుడిసెలలో, ఇళ్ళలో తలదాచుకోవటం జెర్డాన్ గమనించాడు. ఈ విధంగా మద్రాసు జనరల్ ఆసుపత్రిలో చేరిన పక్షి అతడు చూసిన మొదటిది. నెల్లూరులో ఇటువంటివి పెక్కు సజీవంగా లభించాయి.

కలివికోడి

జెర్డాన్ సేకరించిన కలివికోడిని 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ వర్ణించాడు. అనంతరం గోదావరి లోయలో భద్రాచలం, సిరోంచ వద్ద బ్లాన్‌ఫోర్డ్ దీనిని చూశాడు. 1900 తరువాత ఇది కనబడకపోవుటచే అంతరించినదని భావించారు. 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె పరిసరాల్లో స్థానిక వేటగాడు రాత్రివేళ టార్చిలైటు వెలుగులో ఒక పక్షిని పట్టుకోవటంతో దాని ఉనికి మరల వెల్లడైంది. నెల్లూరులో జెర్డాన్ ఆశ్రయించిన స్థానికుల అడవి పరిజ్ఞానమే, అతడి పేరు గల పక్షి మళ్ళీ దొరకటానికి కూడా ఆధారమైంది.

మరణం

1868లో ఉద్యోగ విరమణ చేసిన జెర్డాన్, అస్సాంలో జ్వరపీడితుడై 1870లో ఇంగ్లాండుకు తిరిగివెళ్ళాడు. 1872లో అక్కడే మరణించాడు.