కమ్మరి కొడుకు - తుప్పు పట్టని ఉక్కు

మైకేల్ ఫారడే పేరు విద్యుత్ పాఠంలో మనమంతా చదివాం. ఆయన తుప్పు మీద చేసిన కృషి ఎమ్మెస్సీకి వచ్చేదాకా మాకూ తెలియదు. మా ఇళ్ళల్లో మొదట డిగ్రీ చదివింది మేమే. అందుకే ఈ జీవితం హాస్టల్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పాలనిపించింది.

ఫారడే 1791 సెప్టెంబర్ 22న లండన్ దగ్గర పేద కమ్మరి ఇంట జన్మించారు. చదవడం, రాయడం, కాసిన్ని లెక్కలతో బడి చదువు ఆగిపోయింది. 14వ ఏట బైండింగ్ షాపులో చేరి ఏడేళ్ళు పనిచేశారు. బైండింగుకు వచ్చిన పుస్తకాలే ఆయన పాఠ్యపుస్తకాలు. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, నోట్సు రాసి, తానే బైండు చేసి ఆయనకు పంపారు. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడయ్యారు.

ఆ ఏడాదే డేవీ దంపతులతో యూరప్ యాత్రకు వెళ్ళారు. డేవీ భార్య ఆయన్ని నౌకరులాగే చూశారు. తిరిగి వెళ్ళిపోదామనిపించేంత బాధ పడ్డారు. అయినా నేర్చుకోవడం మానలేదు. 1814లో ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం కూడా ఎక్కారు.

తర్వాత కత్తులు తయారుచేసే జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి ఉక్కులో ప్లాటినం, వెండి, నికెల్, క్రోమియం కలిపి చూశారు. 1820, 1822లలో ఫలితాలు ప్రచురించారు. తుప్పు పట్టని చవకైన ఉక్కు మాత్రం దొరకలేదు. పలచని నత్రికామ్లంలో కరిగే ఇనుము గాఢ ఆమ్లంలో ఎందుకు కరగదు? పైన కంటికి కనపడని ఆక్సైడు పొర ఏర్పడడం వల్లేనని 1836లో ఆయన ఊహించారు. 1867 ఆగస్టు 25న కన్నుమూశారు.

1913లో హ్యారీ బ్రేర్లీ సుమారు 13 శాతం క్రోమియంతో తుప్పు పట్టని ఉక్కు చేశారు. దాన్ని కాపాడేదీ అలాంటి పొరే. 2009లో ఐస్‌లాండ్‌లోని క్రాఫ్లా అగ్నిపర్వత ప్రాంతంలో తవ్విన బావి సుమారు 2 కిలోమీటర్ల లోతున శిలాద్రవాన్ని తాకింది. దాని ఆవిరి సుమారు 450 డిగ్రీలు. అందులోని హైడ్రోజన్ క్లోరైడ్ నీటిలో కలిస్తే ఆమ్లమై మామూలు ఉక్కును తినేస్తుంది. ఇలాంటి చోట్ల పొర నిలిచే మిశ్రమ లోహాల కోసం నేటికీ పరిశోధనలు జరుగుతున్నాయి.

ఫారడే దాచిన 79 ఉక్కు ముక్కలను 1931లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ పరీక్షించారు. వందేళ్ళ నాటి పని వృథా కాలేదు. మన రికార్డు నోట్సునూ, ఫలించని ప్రయోగాలనూ పారేయకుండా దాచుకుందాం. ఎవరైనా చిన్నచూపు చూస్తే ఫారడేను తలుచుకుని మళ్ళీ పుస్తకం తెరుద్దాం.