విప్పి నేర్చిన విద్య

వాన కోసం ఆకాశం వంక చూసే నేల రాయలసీమ. కర్నూలు, కడప ప్రాంతాల మెట్టపొలాల్లో రైతుకు బావే ఆధారం. ఒకప్పుడు ఆ బావుల మీద కపిల ఆడేది. ఎద్దులు ముందుకూ వెనుకకూ నడుస్తుంటే తోలుబాన నీటిని పైకి తెచ్చేది. నీరు లోతుకు దిగేకొద్దీ ఎద్దుల శక్తి చాలలేదు. వాటి స్థానంలో ఆయిల్ ఇంజన్లు, విద్యుత్ మోటార్లు వచ్చాయి. ఆ మోటార్లలో అనేకం కోయంబత్తూరు నుంచి వచ్చినవి. పడమటి కనుమల చాటున ఉండడం వల్ల వాన తక్కువగా కురిసే ఆ సీమ కూడా రాయలసీమ వంటిదే. నల్లరేగడి నేలలు, పత్తిచేలు, లోతైన బావులు అక్కడా కనిపిస్తాయి. అటువంటి మెట్టప్రాంతం యంత్రాలకు పుట్టినిల్లు కావడానికి కారకులైనవారిలో ప్రముఖులు జి.డి.నాయుడు. ప్రాథమిక విద్యను దాటి చదువుకోని ఆయన ఒక ఇంజనీరింగ్ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ స్థానానికి ఆయనను చేర్చిన విద్య ఎటువంటిదో ఆయన జీవితమే చెబుతుంది.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో జన్మించారు. తెలుగు మాట్లాడే వ్యవసాయ కుటుంబం వారిది. విజయనగర రాజుల కాలంలోనూ, ఆ తరువాతి నాయకరాజుల కాలంలోనూ దక్షిణానికి తరలివెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతంలో అనేకం ఉన్నాయి. శైశవంలోనే తల్లిని కోల్పోయిన దొరైస్వామికి బడి రుచించలేదు. ఉపాధ్యాయులు చెప్పినదాన్ని వల్లెవేయడం ఆయన స్వభావానికి సరిపడలేదు. బడి మానిన బాలుణ్ణి తండ్రి పొలం పనిలో పెట్టారు.

ఒకనాడు ఆ పల్లెకు ఆంగ్లేయుడైన రెవెన్యూ అధికారి ఒకరు మోటారు సైకిల్ మీద వచ్చారు. అది ఇంగ్లండులో తయారైన రడ్జ్ వాహనం. ఎద్దు గాని గుర్రం గాని లేకుండా తనంత తాను పరుగెత్తే ఆ బండి దొరైస్వామి మనసును ఆకట్టుకొంది. దానిని ఎక్కి తిరగాలనే కోరిక కంటే, అది ఎలా నడుస్తున్నదో తెలుసుకోవాలనే తపన ఆయనను ఎక్కువగా వేధించింది. ఇల్లు విడిచి కోయంబత్తూరు చేరారు. ఒక హోటలులో వడ్డించే పనికి కుదిరారు. కొన్ని సంవత్సరాల పాటు జీతంలో వీలైనంత కూడబెట్టి, చివరకు ఆ అధికారి వద్దకే వెళ్ళి బండిని కొన్నారు.

కొన్న బండిని ఊరంతా తిప్పి గొప్ప చూపుకోవడం ఆ వయసుకు సహజం. దొరైస్వామి మాత్రం దానిని విప్పారు. ఏ భాగం తరువాత ఏది ఉన్నదో గమనించి, తిరిగి అమర్చారు. చెప్పే గురువు లేడు. చదువుకోవడానికి పుస్తకం లేదు. విప్పడం కష్టమేమీ కాదు. విప్పినదాన్ని తిరిగి బిగించి, మునుపటి వలె నడిపించడంలోనే అసలు పరీక్ష ఉంది. ఒక్క మర మిగిలిపోయినా, ఒక్క కవాటం సరిగా కూర్చోకపోయినా ఇంజన్ కదలదు. పరీక్షాధికారి క్షమిస్తే క్షమించవచ్చు గాని యంత్రం క్షమించదు. ఈ సాధన వల్ల గాలి, పెట్రోలు కలిసి సిలిండరులో ప్రవేశించడం, నొక్కుడు పడడం, నిప్పురవ్వ తగిలి మండడం, పొగగా వెలుపలికి పోవడం అనే నాలుగు దశలు ఆయనకు అక్షరాలుగా కాక అనుభవంగా తెలిశాయి. క్రమంగా ఆయన మంచి మెకానిక్కుగా పేరు తెచ్చుకొన్నారు.

జీవితం అక్కడి నుంచి సూటిగా సాగలేదు. పత్తి వ్యాపారంలో ప్రవేశించి ధనం ఆర్జించారు. ఆ ధనాన్ని బొంబాయి పత్తి బజారులో పోగొట్టుకొన్నారు. చేతిలో మిగిలింది యంత్రజ్ఞానమొక్కటే. అది ఎవరూ ఎత్తుకుపోలేని ఆస్తి. కోయంబత్తూరులోని ఆంగ్లేయ పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ ఆయన సామర్థ్యాన్ని గుర్తించి తోడ్పడ్డారు. 1920లో నాయుడు ఒక బస్సును సంపాదించి పొల్లాచి, పళని పట్టణాల మధ్య నడపసాగారు. ఆ ఒక్క బస్సు పెరిగి పెద్దదై యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే సంస్థగా రూపొందింది. సమయపాలనకు, వాహనాల నిర్వహణకు ఆ సంస్థ పేరుపొందింది.

ఒకే సిలిండరు గల మోటారు సైకిల్ కంటే అనేక సిలిండర్లు గల బస్సు ఇంజన్ జటిలమైనది. అందులో ప్రతి సిలిండరుకూ గాలి, ఇంధనం సమంగా అందాలి. కాలిన పొగ ఒకదానికొకటి అడ్డు రాకుండా బయటికి పోవాలి. ఆ పని చేసే కొమ్మల గొట్టాన్నే మానిఫోల్డు అంటారు. నంద్యాల, ప్రొద్దుటూరు వంటి పట్టణాల మోటారు షెడ్లలో పని నేర్చుకొనే కుర్రవాడు ఈ గొట్టాన్ని చేతితో చేయబూనితే ఎన్నో మెలకువలు తెలుసుకోవలసి వస్తుంది. ఇంజనుకు అమరే పలక మీద రంధ్రాల కొలత తప్పరాదు. గొట్టం ముక్కలను కోసి, ముందుగా చుక్కలు చుక్కలుగా అతికించి, అమరిక సరిచూసుకోవాలి. పలకను గట్టిగా బిగించి ఉంచకుండా వెల్డింగు చేస్తే వేడికి అది వంగిపోతుంది. వంగిన పలక సందులోంచి పొగ కారుతుంది. ఈ సంగతి మేస్త్రీ నోట విన్నా, తన చేతిలో ఒక పలక వంగిన నాడే శిష్యుడికి నిజంగా అర్థమవుతుంది. నాయుడు నమ్మిన విద్యామార్గం ఇదే.

బస్సుల నిర్వహణ నుంచి ఆయన దృష్టి తయారీ వైపు మళ్ళింది. 1937లో డి.బాలసుందరం నాయుడుతో కలిసి రూపొందించిన విద్యుత్ మోటారు దేశంలో తయారైన తొలి మోటారుగా ప్రసిద్ధి పొందింది. విద్యుత్ క్షురకం, పలుచని బ్లేడులు, పండ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే పంకా ఆయన ప్రయోగశాలలో రూపుదాల్చాయి. 1944లో మోటారు వ్యాపార బాధ్యతల నుంచి తప్పుకొని విద్యాదానానికి పూనుకొన్నారు.

1945లో ఆయన కృషితో, విరాళంతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాల వెలిశాయి. అప్పటి మద్రాసు గవర్నరు పేరు వాటికి పెట్టారు. నాయుడు ప్రిన్సిపాల్ అయ్యారు. పనిముట్టు పట్టించి నేర్పితే ఇంజనీరింగ్ విద్యకు రెండేళ్ళు చాలునని, నాలుగేళ్ళ చదువు విద్యార్థి కాలాన్ని వృథా చేస్తుందని ఆయన అభిప్రాయం. ప్రభుత్వం అందుకు సమ్మతించలేదు. తాను నెలకొల్పిన కళాశాలలోని పదవికి ఆయన రాజీనామా చేశారు.

అంతకంటే పెద్ద ఆశాభంగం స్వతంత్ర భారతంలో ఎదురైంది. 1952లో ఆయన ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును రూపొందించారు. దాని వెల 2000 రూపాయలు. సామాన్య కుటుంబానికి కారును అందుబాటులోకి తేవాలన్నది సంకల్పం. తయారీకి ప్రభుత్వ అనుమతి లభించలేదు. పరిశ్రమలన్నీ లైసెన్సుకు లోబడి నడవాలన్నది ఆనాటి విధానం. కొరతగా ఉన్న విదేశీ ద్రవ్యాన్ని, ఉక్కును ప్రణాళిక ప్రకారం పంచాలన్న ప్రభుత్వ వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. అయితే ఆ చట్రంలో ఒంటరి ఆవిష్కర్తకు చోటు దొరకలేదు. అధికమైన పన్నులకు నిరసనగా నాయుడు తన వస్తువులను తానే బహిరంగంగా పగులగొట్టారు. విప్పిన ప్రతి యంత్రాన్నీ తిరిగి బిగించిన ఆ చేతులే, తిరిగి అతకడానికి వీలులేకుండా యంత్రాలను బద్దలు కొట్టాయి.

1974 జనవరి 4న జి.డి.నాయుడు కన్నుమూశారు. ఆయన స్థాపించిన కళాశాల ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా కొనసాగుతున్నది. అందులో ఇంజనీరింగ్ పట్టాకు నేటికీ నాలుగేళ్ళు చదవాలి. వంతెన కట్టేవాడికీ, విమానం రూపొందించేవాడికీ గణితం, శాస్త్రం లోతుగా తెలియాలి గనుక ఆ గడువును తప్పుపట్టలేము. మరొక వైపు, మెట్టపొలంలో పంట ఎండుతున్న వేళ ఆగిపోయిన మోటారును విప్పి, బాగుచేసి, నీరు పారించేవాడి విద్యను తక్కువగా చూడడమూ న్యాయం కాదు. చదివినవాడికి చేయి, చేయి తిరిగినవాడికి చదువు తోడైన నాడు నాయుడు తలపెట్టిన పని నెరవేరినట్లవుతుంది.