ఆర్ట్సు కళాశాల నిర్మాత నవాబు జైన్ యార్ జంగు

గోదావరిఖని బొగ్గుగనుల ప్రాంతమునుండి పై చదువులకై హైదరాబాదు చేరిన విద్యార్థులకు ఉస్మానియా ఆర్ట్సు కళాశాల ముంగిలి చిరపరిచితము. విశాలమైన మెట్లు, వానిపై మిన్నందు కమాను, గులాబిచాయ గ్రానైటు రాయి. ఆ మెట్లపై కూర్చుండి కాలము గడపినవారిలో సైతము దానిని నిలబెట్టిన నవాబు జైన్ యార్ జంగు పేరెరిగినవారు అరుదు.

ఆయన 1889లో జన్మించెను. జైన్ యార్ జంగు అనునది బిరుదనామము. నిజాము కొలువున వాస్తుశిల్పిగా పేరొంది, దారుల్‌షిఫాలో నిజాము తన తల్లి పేర కట్టించిన అజాఖానా జోహ్రాకు రూపకల్పన చేసెను. ఆయన కీర్తికి మూలస్తంభము మాత్రము విశ్వవిద్యాలయమే.

1917 నాటి ఫర్మానాతో పుట్టిన ఉస్మానియాలో 1919లో తరగతులు ఆరంభమైనవి. బోధనాభాష ఉర్దూ. ఉన్నతవిద్యను దేశభాషలో నేర్పబూనుట గొప్ప సాహసమే. కాని రాజ్యమున అత్యధికులు మాటాడు తెలుగునకు ఆ పీఠము దక్కలేదు. చాలకాలము తరగతులు గన్‌ఫౌండ్రీ వద్ద అద్దె భవనములలోనే సాగెను. ఊరివెలుపల అడిక్‌మెట్టు భూమి విద్యాపీఠమునకు తగినదని సూచించినవాడు స్కాట్లండు దేశీయుడైన నగర నిర్మాణవేత్త పాట్రిక్ గెడ్డెసు.

1930 ప్రాంతమున ప్రభుత్వము జైన్ యార్ జంగును, సయ్యద్ అలీ రజాను దేశదేశముల విశ్వవిద్యాలయములను చూచి రమ్మని పంపెను. ఐరోపా, అమెరికా, జపాను తిరిగిన ఆ యిరువురి చూపు ఈజిప్టులో ఒక శిల్పిపై నిలిచెను. ఆయన బెల్జియం దేశస్థుడైన ఎర్నెస్టు జాస్పరు; కైరో చెంత హెలియోపొలిస్‌లో 1910లో తెరచిన మహాహోటలునకు రూపకర్త. జాస్పరు హైదరాబాదు వచ్చి, ఇక్కడి ప్రాచీన కట్టడములను పరిశీలించి, నమూనా సిద్ధపరచెను. అజంతా, ఎల్లోరా గుహలను తలపించు స్తంభములు, వానితో కలసి ముస్లిం వాస్తురీతి కమానులు. రెండు సంప్రదాయములను ఒక్క రాతిలో కలుపుటయే ఉద్దేశము.

ముంగిలిని ఖాళీగా విడుచుటలో గొప్ప నేర్పు కలదు. అంత యెత్తైన ద్వారమును కన్ను ఒక్కసారిగా అందుకొనవలెనన్న ఎదుట దూరము కావలయును. దగ్గర నిలచినవాడు రాయినే చూచును. దూరమునుండి నడచివచ్చువాడు భవనమును చూచును. రాజవైభవమును చాటుటకు ఉద్దేశింపబడిన ఆ ఖాళీ జాగా వేలాది జనము కూడుటకును అంతే అనువైనదని నాడు ఎవరూ తలపోసియుండరు.

1934 జులై 5న శంకుస్థాపన జరిగెను. గోడలు లేచుచుండగనే, 1938లో, వసతిగృహములలో వందేమాతరము పాడుటను నిషేధించిరి. ఎదిరించిన విద్యార్థులను వెడలగొట్టిరి. అనేకులు నాగపూరు విశ్వవిద్యాలయమును ఆశ్రయించిరి. ఆ ఉద్యమమున పాల్గొన్నవారిలో పి. వి. నరసింహారావు ఒకరు. అందు శిల్పి దోషమేమియు లేదు. అయినను రాతిలో కుదిరిన పొందిక మనుషులలో కుదరకపోవుట ఆయన చూచియే యుండవలెను. 1939 డిసెంబరు 4న నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ భవనమును ప్రారంభించెను.

దశాబ్ది నిండకమునుపే ఆయనకు వేరొక పని పడెను. 1948లో ఢిల్లీయందు నిజాము ప్రతినిధి, అనగా ఏజెంటు జనరలు, ఆయనయే. కట్టడముల నేర్పరికి కూలిపోవుచున్న రాజ్యము తరఫున మాటాడవలసి వచ్చెను. సంప్రదింపులు ఫలింపలేదు. సెప్టెంబరు 13న సైన్యము కదలెను. 17న నిజాము లొంగిపోయెను. అటుపిమ్మట మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి నాయకత్వమున ఏర్పడిన పరిపాలకవర్గమున జైన్ యార్ జంగు సభ్యుడయ్యెను. దీనిని అవకాశవాదమనువారు ఉండవచ్చును. కాని నాడు తల్లడిల్లుచున్న హైదరాబాదునకు ఇరుపక్షముల నెరిగిన మనిషి అవసరమయ్యెననుట సత్యమునకు సమీపము. ఆ 1948లోనే విశ్వవిద్యాలయమున బోధనాభాష ఉర్దూనుండి ఇంగ్లీషునకు మారెను. తెలుగు మరల వేచియుండవలసి వచ్చెను.

1961లో ఆయన కన్నుమూసెను. ఎనిమిదేండ్లకు, 1969లో, ఖమ్మము జిల్లాలో రగిలిన తెలంగాణ ఉద్యమము ఉస్మానియాను ముంచెత్తెను. 2010 జనవరి 3న విద్యార్థి గర్జన సభకు తెలంగాణ జిల్లాల నుండి యువజనులు తరలివచ్చి ఆ భవనము ఎదుటనే నేల యీనినట్లు నిలచిరి.