ఫుట్‌బాల్ ఆచార్యుడు సయ్యద్ అబ్దుల్ రహీం

క్రీడారంగంలో గోలు చేసినవాని పేరు లోకం నోట నిలుస్తుంది. ఆ గోలు పడకుండా అడ్డుకొన్నవాని పేరు మరునాటి పత్రికలో కూడ ఒక్కొక్కప్పుడు కానరాదు. ఇక ఎవ్వరెక్కడ నిలిచి అడ్డుకోవాలో ముందుగా ఆలోచించిన శిక్షకుని సంగతి చెప్పనే అక్కరలేదు. అటువంటి శిక్షకులలో అగ్రగణ్యులు కీర్తిశేషులు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. హైదరాబాదు నగరంలో సామాన్య పాఠశాలోపాధ్యాయులుగా జీవితమారంభించి, భారత ఫుట్‌బాల్‌ను రెండుమార్లు ఆసియా ఖండంలో ప్రథమస్థానాన నిలిపిన మహనీయులు వారు. 2024లో మైదాన్ అనే హిందీ చలనచిత్రం వెలువడిన తరువాత వారి పేరు మన విద్యార్థులకు కొంత పరిచయమైనది. అయితే చలనచిత్రం కథ చెప్పగలదు గాని పాఠం చెప్పడానికి దానికి వ్యవధి చాలదు. రహీం గారు ముఖ్యంగా పాఠం చెప్పినవారు. కనుక ఆ పాఠమేమిటో కొంత పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టం పొంది, విద్యార్థి దశలో అక్కడి జట్టులోనే ఆడి, తరువాత ఉపాధ్యాయ వృత్తి చేపట్టారు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వారు పనిచేసిన పాఠశాలలలో కొన్ని. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడ సంపాదించారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శియై, తుదిశ్వాస వరకు ఆ బాధ్యత వహించారు. నగర పోలీసు జట్టుకు శిక్షకులైనది కూడ ఆ దశాబ్దంలోనే. ఆటగాడుగా వారి కీర్తి నగరపు ఎల్లలు దాటలేదు. అది లోపమని నేననుకోను. తాను అద్భుతంగా ఆడగలిగినవానికి ఎదుటివాడు ఎందుకు ఆడలేకపోతున్నాడో తెలియకపోవచ్చు. తరగతి గదిలో నలభైమంది పిల్లల ముఖాలు చూచి ఎవనికి అర్థమైనదో, ఎవనికి కాలేదో కనిపెట్టే అలవాటున్నవానికి ఆ చిక్కు లేదు.

ఆనాటి ఫుట్‌బాల్‌ను గురించి ఒక మాట చెప్పాలి. బంతి దొరికినవాడు దానిని పాదం దగ్గరే అట్టిపెట్టుకొని, ఒకరి తరువాత ఒకరిని ఏమార్చుతూ పోవడమే ఘనతగా భావించే రోజులవి. దానినే డ్రిబ్లింగ్ అంటారు. మన రోలుగుంట వంటి ఊళ్ళ బడి ఆవరణలలో సాయంత్రం ఆడుకొనే పిల్లలను గమనించినవారికి నేటికీ ఈ దృశ్యం కొత్త కాదు. బంతి చిక్కిన కుర్రవాడు తోటివారు ఎంత అరచినా దానిని విడువడు. రహీం గారు ఈ వ్యాధికి ఉపదేశంతో గాక నియమంతో చికిత్స చేశారు. డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీలు పెట్టారు. వాటిలో బంతి రాగానే తోటివానికి అందించక తప్పదు. కుడికాలి వాటం గలవారు ఎడమకాలితోను, ఎడమకాలి వాటం గలవారు కుడికాలితోను మాత్రమే తన్నవలసిన పోటీలు మరికొన్ని. పిల్లలకు అవి వినోదంగా తోచినవి కాబోలు! నాలుగైదేండ్లు గడిచేసరికి హైదరాబాదు ఆటగాండ్లకు రెండు కాళ్ళూ సమానమైనవి. బంతి కంటె ముందు తోటివానిని చూచే చూపు అలవడినది.

దాని ఫలితం దేశమంతా చూచినది. సంస్థానం భారతదేశంలో విలీనమై రెండేండ్లు కాకమునుపే, 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు గెలిచినది. మరి నాలుగేండ్లు, అనగా 1954 వరకు ఏటేటా అదే కప్పును తిరిగి గెలిచినది. 1950 డ్యూరాండ్ కప్పు తుది పోటీలో కలకత్తా మోహన్ బగాన్ వంటి ఉద్దండులను ఓడించినది. సంతోష్ ట్రోఫీ పోటీలలో హైదరాబాదు 1956లోను, 1957లోను వరుసగా విజేత అయినది. ఈ విజయాల పట్టిక ఇంకా పొడిగించవచ్చును గాని పట్టికలు చదివి ఎవరును ఆట నేర్చుకోరు.

ఎవరిని ఎన్నుకొన్నారు, ఎట్లా ఎన్నుకొన్నారు అన్నదే అంతకంటె ముఖ్యం. సికిందరాబాదు ప్రాంతపు అమ్ముగూడలో తులసీదాస్ బలరామ్ అనే పేదింటి కుర్రవాడు ఆడుతుండగా రహీం గారి కంటబడ్డాడు. నగరానికి వచ్చి సాధన చేయడానికి అతనికి సైకిలు లేదు. అద్దె సైకిలుకు కావలసిన పైకం రహీం గారే ఇచ్చేవారని బలరామ్ గారు వృద్ధాప్యంలో కూడ తలచుకొనేవారు. ఆ కుర్రవాడే ఇరవై యేండ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో, ఆపైన రోమ్‌లో, జకార్తాలో ఆడినాడు. మెల్‌బోర్న్ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికారుద్దీన్ మొదలైన హైదరాబాదీలు ఇంకను పలువురు ఉండిరి.

జాతీయ జట్టు శిక్షకులుగా రహీం గారికి తొలి ఘనవిజయం 1951లో ఢిల్లీలో జరిగిన ప్రథమ ఆసియా క్రీడలలో లభించినది. తుది పోటీలో మేవాలాల్ చేసిన ఒకే ఒక గోలుతో ఇరాన్ ఓడినది. కాని మరుసటి యేడే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో పరాభవం. చలిదేశపు తడి నేలమీద మనవారిలో పలువురు ఉత్తకాళ్ళతో ఆడిరి. ఆ ఓటమి తరువాతనే మన దేశంలో బూట్లు తప్పనిసరి అయినవి. కాని బూట్లు వేసుకొన్నంతమాత్రాన పది గోళ్ళు ఆగవు గదా! రక్షణ పంక్తి అమరికనే మార్చవలసి ఉన్నది.

ఇక్కడ పాఠకులు కొంచెం ఓపిక పట్టాలి. పూర్వకాలపు ఫుట్‌బాల్‌లో గోల్‌కీపరు ముందు ఇద్దరు బ్యాకులు, వారి ముందు ముగ్గురు హాఫ్‌బ్యాకులు, అందరికంటె ముందు అయిదుగురు ఫార్వర్డులు ఉండేవారు. తరువాత నడిమి హాఫ్‌బ్యాకును వెనుకకు తెచ్చి బ్యాకులను ముగ్గురిని చేశారు. ఎదుటి జట్టు సెంటర్ ఫార్వర్డును వెన్నంటి ఉండడమే ఆ మూడవవాని పని. 1953లో హంగరీ జట్టు లండన్ వచ్చి వెంబ్లీ మైదానంలో ఇంగ్లండును 6-3తో ఓడించినప్పుడు ఈ ఏర్పాటులోని లొసుగు బట్టబయలైనది. హంగరీ సెంటర్ ఫార్వర్డు హిదెగ్‌కుటి గోలువైపు పోక వెనుకకు జరిగి నిలిచినాడు. చెడుగుడు ఎరిగినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. కూతకు వచ్చినవాడు వెనుకకు జరుగుతూ ఊరిస్తాడు. పట్టబోయినవాడు గొలుసు వీడి ముందుకు వస్తే అతడు విడిచిన సందు మిగతావారికి ప్రమాదం. రాకపోతే కూతగాడు స్వేచ్ఛగా తిరుగుతాడు. ఇంగ్లండు బ్యాకు సరిగ్గా ఈ సంకటంలో పడినాడు.

రహీం గారు ఈ హంగరీ పద్ధతిని శ్రద్ధగా అధ్యయనం చేశారు. టెలివిజను లేని ఆ రోజులలో, దక్కనులోని ఒక బడిపంతులు యూరపు క్రీడావ్యూహాలను మూడేండ్లలో ఆకళించుకొని తన జట్టుకు నేర్పడం సామాన్య విషయం కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ముందు వరుసలోనివారొకరిని వెనుకకు దించి ఆడినది. ఆస్ట్రేలియాను 4-2తో ఓడించినది. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా దేశం మనదే. సెమీఫైనలులో కూడ హెల్సింకిలో మనలను చిత్తు చేసిన ఆ యుగోస్లావియాపైననే మనవారు మొదటి గోలు చేసి, తరువాత 4-1తో ఓడిరి. కాంస్యపతకం కొరకు జరిగిన ఆటలో బల్గేరియా గెలువగా మనకు నాల్గవ స్థానం దక్కినది. నాలుగేండ్లలో పది గోళ్ళు నాలుగుకు తగ్గినవని లెక్కవేసి నవ్వేవారుంటారు. ఆట తెలిసినవారు నవ్వరు.

పద్ధతి అక్కడితో ఆగలేదు. వెనుకకు జరిగే ఫార్వర్డుకు విరుగుడుగా వెనుక నలుగురిని నిలిపి, నడుమ ఇద్దరిని, ముందు నలుగురిని ఉంచే 4-2-4 వ్యూహాన్ని 1958 ప్రపంచకప్పులో బ్రెజిల్ లోకప్రసిద్ధం చేసినది. అంతకు ముందే రహీం గారు దానిని ప్రయోగించారని మన ఫుట్‌బాల్ చరిత్రకారులు సగర్వంగా పేర్కొంటారు. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న వాదంలో నాకంత ఆసక్తి లేదు. ఒకే చిక్కుకు దూరదూరాన ఉన్న ఇద్దరు తెలివైనవారు ఒకే విడుపు కనుగొనడంలో ఆశ్చర్యం లేదు. రహీం గారి విశిష్టత వేరు. రక్షణ అనగా వెనుకనున్న ఇద్దరు ముగ్గురి పని అనే భావాన్ని వారు తొలగించారు. బంతి మనది కానప్పుడు పదకొండుమందీ రక్షకులే అన్నది వారి శిక్షణకు మూలసూత్రంగా కనబడుతుంది. డ్రిబ్లింగ్ మాన్పించడం కూడ అందులో భాగమే. బంతిని పోగొట్టుకొనేవాడు లేకపోతే రక్షణకు సగం శ్రమ తగ్గినట్లే.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మనవారు ఫ్రాన్సుతో 1-1గా సమానంగా నిలిచి, హంగరీకి 2-1 తేడాతో మాత్రమే లొంగి, పెరూ చేతిలో 3-1తో ఓడిరి. ఇక వారి జీవితానికి శిఖరప్రాయమైనది 1962 జకార్తా. అప్పటికే రహీం గారిని క్యాన్సర్ వ్యాధి లోలోన తినివేస్తున్నది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా ప్రవేశం నిరాకరించగా భారతీయులైన జి.డి. సోంధీ గారు ఆక్షేపించడంతో, అక్కడి ప్రజలు మన దేశంపై మండిపడుతున్నారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించినది. తరువాత థాయిలాండును 4-1తో గెలిచినా, ఆ ఆటలో మన రక్షణకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి.

సెమీఫైనలుకు రహీం గారు చేసిన ఏర్పాటు చూచి అందరు విస్తుపోయిరి. తలకు కట్టుతో ఉన్న ఆ బ్యాకును సెంటర్ ఫార్వర్డుగా నిలిపారు! దక్షిణ వియత్నాంపై 3-2 విజయంలో జర్నైల్ ఒక గోలు చేశాడు. సెప్టెంబరు 4న సుమారు లక్షమంది ప్రేక్షకులు మనకు ప్రతికూలంగా కేకలు వేస్తుండగా దక్షిణ కొరియాతోనే తుది పోటీ. ఆ సముద్రంలో మన పక్షాన చప్పట్లు కొట్టినది పాకిస్తాన్ హాకీ ఆటగాండ్లని ఆనాటి మన క్రీడాకారులు కృతజ్ఞతతో చెప్పుకొన్నారు. అంతవరకు అస్వస్థులై దూరంగా ఉన్న తంగరాజ్ గోల్‌కీపరుగా దిగారు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి గోళ్ళు చేయగా మనవారు 2-1తో స్వర్ణపతకం గెలిచిరి. ఇది అదృష్టం కాదు. రక్షకుని భయాలు రక్షకునికి తెలిసినట్లు మరెవరికీ తెలియవు. ఏ అడుగు ముందుకు వేస్తే ఎదుటి బ్యాకు తడబడతాడో జర్నైల్ తన అనుభవంలోనే ఎరుగును. ఆ ఎరుకను కనిపెట్టినవారు రహీం గారు.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, తమ 53వ యేట వారు పరమపదించారు. రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యులైన వారి కుమారులు సయ్యద్ అబ్దుల్ హకీం గారు తరువాత శిక్షకులుగా ఆ విద్యనే కొనసాగించారు. శిక్షకులను గౌరవించే ద్రోణాచార్య పురస్కారాన్ని ప్రభుత్వం నెలకొల్పినది 1985లో, రహీం గారు గతించిన ఇరవై రెండేండ్లకు. హైదరాబాదువారే అయిన సయ్యద్ నయీముద్దీన్ గారికి అది 1990లో లభించినది.

రహీం గారి విద్య వ్యక్తులలో మిగిలినది గాని వ్యవస్థగా మారలేదు. వారి పోటీలను ఏటేటా నడిపే బళ్ళు లేకపోయినవి. చిన్నపిల్లలలోనే ఆటగానిని పసిగట్టే చూపు గల ఉపాధ్యాయులకు పోషణ లేకపోయినది. పోలీసు జట్టు ప్రాభవం క్రమంగా తగ్గినది. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచినది. రహీం గారు నాటిన చెట్టుకు అది చివరి కాపుల్లో ఒకటి. 1960 తరువాత మన పురుషుల జట్టు ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కు అర్హత పొందనే లేదు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో మాత్రం నయీముద్దీన్ నాయకత్వాన, రహీం గారి శిష్యులైన పి.కె. బెనర్జీ, జి.ఎం.హెచ్. బాషా గారల శిక్షణలో కాంస్యపతకం వచ్చినది. ఆ పోటీలలో ఫుట్‌బాల్‌కు మనకు దక్కిన కడపటి పతకం అదే.