రాబర్ట్ ఓవెన్

స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరమునకు ఆగ్నేయముగా క్లైడ్ నది కొండచరియల నడుమ జలపాతములై దూకుచుండును. ఆ నీటి వడిచే తిరుగు చక్రములతో నూలు వడకు మిల్లులను డేవిడ్ డేల్ అను వర్తకుడు న్యూ లానార్క్ అను చోట నెలకొల్పెను. అచట 1786లో పని ప్రారంభమయ్యెను. పదునాలుగేండ్ల పిదప ఆ మిల్లుల పాలనము ఇరువది యెనిమిదేండ్ల యువకుని చేతికి వచ్చెను. ఆతడే రాబర్ట్ ఓవెన్.

ఓవెన్ 1771వ సంవత్సరము మే 14వ తేదీన వేల్సు దేశమందలి న్యూటౌన్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు చేసియు, ఇనుప సామాను అమ్మియు కుటుంబమును పోషించుచుండెను. పదియేండ్ల ప్రాయముననే బాలుని బడి చదువు ముగిసెను. ఆతడు ఇల్లు విడిచి లండనునకును, అచటినుండి స్టామ్‌ఫర్డ్ పట్టణమందలి యొక బట్టల వర్తకుని యొద్దకును పోయి పనికి కుదిరెను. మేలురకపు గుడ్డను గుర్తించుట అచట నేర్చెను. తీరిక వేళల ఆ వర్తకుని పుస్తకములను విడువక చదివెను.

ఆ కాలమున నూలు యంత్రముల ప్రభావమున మాంచెస్టరు నగరము వేగముగా పెరుగుచుండెను. ఓవెన్ అచటికి చేరి, కొంత అప్పుతో యంత్రముల వ్యాపారమున దిగెను. ఇరువదియేండ్ల వయసున డ్రింక్‌వాటర్ అను ధనికుని మిల్లునకు నిర్వాహకుడు కావలెనని విని, పోయి, ఏడాదికి 300 పౌనుల జీతమడిగెను. ఆనాడు వచ్చిన వారందఱును కలిసి అడిగినదైనను అంత కాదని యజమాని ఆశ్చర్యపడెను. తాను స్వంతముగా అంత మొత్తము సంపాదించుచున్నట్లు ఓవెన్ లెక్క పుస్తకములు చూపి ఆ ఉద్యోగమును పొందెను.

ఆ మిల్లులో ఇంచుమించు ఐదువందల మంది పనివారుండిరి. అంత పెద్ద పని ఆతనికి క్రొత్త. క్రొత్తగా అధికారము చిక్కినవాడు వెంటనే ఆజ్ఞలీయ మొదలిడుట లోకమున సామాన్యముగా చూచునదే. ఓవెన్ అట్లు చేయలేదు. ఆరు వారములపాటు అడిగినదానికి ఔననియో కాదనియో తప్ప మాటాడక, ఉదయము మొదటివారిలో నొకడుగా వచ్చి, పగలెల్ల ప్రతి యంత్రము కడను నిలిచి పరికించి, రాత్రి తాళములు వేసి చెవులు తీసికొని పోవుచుండెను. అటుపిమ్మటనే ఆతడు మార్పులకు పూనుకొనెను. నూలు నాణ్యము హెచ్చెను. పనివారును క్రమముగా ఆతని మాటకు లోబడిరి.

1799లో ఓవెన్ డేల్ కుమార్తెయగు కేరొలైనును వివాహమాడెను. భాగస్వాములతో కలిసి న్యూ లానార్కు మిల్లులను 60,000 పౌనులకు కొని, 1800 జనవరి 1వ తేదీన పాలనము చేపట్టెను. అప్పుడచటి స్థితి యెట్లున్నది? గౌరవముగా బ్రతుకు కుటుంబములు గంట కొట్టినది మొదలు చీకటి పడువఱకు మూసిన గదులలో యంత్రముల కడ నిలుచుటకు ఇష్టపడవు. అందువలన వేఱు గతిలేనివారు వచ్చిరి. చాలనిచోట నగరముల అనాథాశ్రమములనుండి సుమారు ఐదువందల మంది బాలబాలికలను తెచ్చిరి. డేల్ దయగలవాడే యైనను, పని భారమున ఆ పిల్లలు రాత్రి పాఠములకు కూర్చుండి నిద్రపోవుచుండిరి. పెద్దలలో త్రాగుడు, దొంగతనము, జగడములు మెండు. అన్నిటికి మించి, క్రొత్త యజమాని పరదేశి. ఆతడు తమచేత మఱింత పని పిండుకొన వచ్చినవాడని జనులు తలంచిరి.

కనుక వారిని వెడలగొట్టి క్రొత్తవారిని తెచ్చుట సులభోపాయము. ఓవెన్ మాత్రము దోషము మనుష్యులలో కంటె వారిని ఉంచిన ఏర్పాటులలో నున్నదని నమ్మెను. ఊరి అంగళ్ళలో నాసిరకపు సరకు హెచ్చు వెలకు అప్పుపై అమ్ముచుండగా, ఆతడు మేలైన సరకును టోకున కొని, కొన్నవెలకు కొంచెము మాత్రమే చేర్చి అమ్ము అంగడి పెట్టించెను. అనాథ బాలకులను తెచ్చుట మాన్పించెను. పదియేండ్లలోపు పిల్లలకు మిల్లులో పని లేకుండ చేసెను. ఇండ్లను బాగుచేయించెను. ఐతే ఇండ్ల శుభ్రత చూచుటకు మనుష్యులను పంపగా, స్త్రీలు వారిని నల్లులు పట్టువారని ఎకసక్కెమాడి తలుపులు మూసిరి. ఆ కోపము న్యాయమైనదే. తన యింటిలోనికి యజమాని మనిషి తొంగిచూచుట ఎవరికి నచ్చును?

మిల్లు లోపల ఆతడు చేసిన యొక ఏర్పాటు చెప్పదగినది. రెండంగుళముల పొడవు గల నాలుగు పలకల కొయ్యముక్కను ప్రతి పనివాని చెంత వ్రేలాడదీసిరి. ఒక ప్రక్క నలుపు, ఒక ప్రక్క నీలము, ఒక ప్రక్క పసుపు, ఒక ప్రక్క తెలుపు. ముందటినాటి నడవడి చెడ్డదైన నలుపును, ఒకమోస్తరైన నీలమును, మంచిదైన పసుపును, మిక్కిలి మంచిదైన తెలుపును బయటికి త్రిప్పుదురు. దీనిని మూగ మేస్త్రీ యనవచ్చును. దినదినము ఆ గుర్తును పుస్తకమున వ్రాయుదురు. మేస్త్రీ అన్యాయము చేసెనని తోచినవాడు నేరుగా ఓవెనుకు మొఱపెట్టుకొనవచ్చును. ఓవెన్ గదులవెంట నడచుచు నల్లని ముక్క కనబడినను ఆ మనిషిని ఒక్కసారి చూచి, ఏమియు అనక సాగిపోవును. కొట్టుట, తిట్టుట లేవు. మొదట నలుపులే ఎక్కువగా నుండెను; ఏండ్లు గడచినకొలది అవి నీలములును, పసుపులును అయ్యెను; కొన్ని తెలుపులును కనబడెను.

అయినను జనుల మనసులలోని అనుమానము కొయ్యముక్కలచే పోలేదు. పంతొమ్మిదవ శతాబ్ది తొలి దశకమున అమెరికా తన ఓడల రాకపోకలను నిషేధింపగా ప్రత్తి వెల ఆకసమునంటెను. ఓవెన్ యంత్రములను ఆపించెను. ఆపిన మిల్లులో పనివారికి కూలి యిచ్చువాడెవడు? ఓవెన్ ఇచ్చెను. వారిచే యంత్రములను శుభ్రము చేయించుచు, నాలుగు నెలలు ఒక్క పెన్నీయు తగ్గింపక పూర్తి కూలి చెల్లించెను. అందులకైన వ్యయము 7,000 పౌనులకు పైబడెను. ఆనాటినుండి న్యూ లానార్కు ప్రజలు ఆతనిని నమ్మిరి.

భాగస్వాములు మాత్రము నమ్మలేదు. బడులకును, ఇండ్లకును ధనము పోయుట వారికి వృథా వ్యయముగా తోచెను. మొదటి భాగస్వాములు 1809లో తొలగిపోయిరి. తరువాత వచ్చినవారును అట్లే అడ్డుపడిరి. తుదకు వారు మిల్లులను వేలమునకు పెట్టి, వాటి వెల స్వల్పమని ప్రచారము చేసి, తామే చౌకగా కొనజూచిరి. ఓవెన్ ఈలోపున లండనులో తత్త్వవేత్త జెరెమీ బెంథామ్ మొదలగువారిని భాగస్వాములుగా సమకూర్చుకొనెను. వారు ఏటికి నూటికి ఐదు పౌనులు చాలునని సమ్మతించిరి. 1813 తుదిలో జరిగిన వేలమున ఓవెన్ పక్షము 1,14,100 పౌనులకు మిల్లులను గెలిచెను. ఆ వార్త విని జనులు కిటికీల దీపములు వెలిగించిరి. ఎదురేగి బండి గుఱ్ఱములను విప్పి, తామే బండిని లాగుకొని వచ్చిరి. లెక్కలు తేల్చగా, వృథా వ్యయమని నిందింపబడిన ఆ నాలుగేండ్లలోను వడ్డీ పోను 1,60,000 పౌనుల లాభము వచ్చినదని ఓవెన్ వ్రాసికొనెను.

1816 జనవరి 1న ఆతడు గొప్ప పాఠశాలను తెఱచెను. నడక నేర్చిన పసివారు మొదలు అందఱికి అచట చోటుండెను, బెత్తము లేదు, పాటలు, నాట్యము, జంతువుల బొమ్మలు, పటములు ఉండెను. ఇతర మిల్లులలో పదమూడు పదునాలుగు గంటలు పనిచేయించుచుండగా, ఆ యేటినుండి న్యూ లానార్కున భోజనపు వేళ పోను పదునొకండు గంటలలోపే పని. ఇనుప యంత్రమును తుడిచి, నూనె వేసి కాపాడు యజమానులు, దానికంటె ఎంతో సున్నితమైన జీవయంత్రమును ఏల పాడుపఱచుచున్నారని ఆతడు తన వ్యాసములలో ప్రశ్నించెను. దేశమంతటికి చట్టము కావలెనని పోరాడెను. 1819లో చట్టము వచ్చినది గాని, ఆతడు కోరినదానిలో కొంతయే అందు నిలిచెను. తనిఖీకి ఉద్యోగులైనను లేరు.

న్యూ లానార్కులో ఎంత మేలు జరిగినను, నియమములు చేసినవాడు ఓవెన్ ఒక్కడే. పనివారికి వాటిలో పలుకుబడి లేదు. ఆ లోపమును ఆతడు గ్రహించెనో లేదో గాని, 1825లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున న్యూ హార్మొనీ అను గ్రామమును కొని, అందఱు సమానముగా బ్రతుకు సంఘమును స్థాపింపబూనెను. వచ్చినవారినెల్ల చేర్చుకొనెను, తాను చాలకాలము దూరముగా నుండెను, ఎవరు ఏ పని చేయవలెనో తేలలేదు. రెండు మూడేండ్లలో సంఘము విచ్ఛిన్నమై, ఆతని ఆస్తిలో అధిక భాగము హరించెను.

తరువాత ఓవెన్ కార్మిక సంఘముల కొఱకును, సహకారోద్యమము కొఱకును పాటుపడెను. 1844లో రాచ్‌డేల్ పట్టణమున సహకారపు అంగడి తెఱచిన వారిలో ఆతని భావములచే ప్రభావితులైనవారుండిరి. 1858 నవంబరు 17వ తేదీన తాను పుట్టిన న్యూటౌనుననే కన్నుమూసెను. న్యూ లానార్కు మిల్లులు 1968 వఱకు నడచెను. ఆ గ్రామమును 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముల జాబితాలో చేర్చినది.