బడి లేని రోజుల్లో నర్మద్

సూరత్‌కు కొత్తగా వచ్చిన తెలుగు పిల్లలం బోర్డుల మీద గుజరాతీ అక్షరాలు కూడబలుక్కుంటూ చదివే పేర్లలో నర్మద్ ఒకటి. ఇక్కడి విశ్వవిద్యాలయం పేరు వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం. ఘోడ్‌దోడ్ రోడ్డులో ఉన్న పెద్ద గ్రంథాలయం కూడా కవి నర్మద్ పేరు మీదే ఉంది. ఆయన పుట్టినరోజు ఆగస్టు 24ను గుజరాతీలు తమ భాషా దినంగా జరుపుకుంటారు. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకున్నట్టే. మధ్యలో ఐదు రోజులే తేడా!

నర్మద్ గొప్ప కవి, సంఘ సంస్కర్త. ఆ సంగతులు గుజరాతీ చదివే మిత్రులను అడిగితే బోలెడు చెబుతారు. సెలవులు దగ్గరికొచ్చాయి కాబట్టి మనం ఇక్కడ ఒక్క సంగతే చూద్దాం: బడి ఆగిపోయినప్పుడల్లా ఆయన చదువు ఏమైంది?

ఆయన పూర్తి పేరు నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే. 1833లో సూరత్‌లో పుట్టారు. తండ్రి లాల్‌శంకర్ బొంబాయిలో రాతపని చేసి ఇల్లు గడిపేవారు. అంటే ఉద్యోగం ఒక ఊళ్లో, సొంతిల్లు ఇంకో ఊళ్లో. మనకు బాగా తెలిసిన కథే. ఆ సొంతిల్లు కూడా ఎక్కువ కాలం మిగల్లేదు. 1837లో సూరత్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి వేల ఇళ్లు కాలిపోయాయి. వాటిలో వీళ్లదీ ఒకటి. అప్పటికి నర్మద్‌కు నాలుగేళ్లు కూడా నిండలేదు.

ఐదో ఏట బొంబాయిలో బడిలో వేశారు. కొద్ది రోజులకే మళ్లీ సూరత్. ఇక్కడ ఒక పంతులు గారి దగ్గర కొంతకాలం, మరొకరి దగ్గర కొంతకాలం చదివారు. తరువాత మళ్లీ బొంబాయి, ఆ పైన మళ్లీ సూరత్. ఈసారి పేరు మోసిన దుర్గారామ్ మెహతాజీ బడి. అప్పటికి ఈ రెండు ఊళ్ల మధ్య రైలు లేదు, 1864లో గానీ రాలేదు. పడవలోనో బండిమీదో వెళ్లాల్సిందే. ఇప్పుడు మనం కేంద్రీయ విద్యాలయంలో బదిలీ కాగితం ఇస్తే దేశంలో ఎక్కడైనా అదే పుస్తకం, అదే పాఠం దొరుకుతుంది. ఆయనకు ఆ సౌకర్యం లేదు. ఒక్కో పంతులు గారిది ఒక్కో పద్ధతి.

1845లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ విద్యాసంస్థలో చేరి ఇంగ్లీషు చదువు మొదలుపెట్టారు. 1850లో కాలేజీ మెట్లెక్కారు. ఆ ఏడాది నవంబరులోనే తల్లి నవదుర్గ కన్నుమూసింది. మరోవైపు సూరత్ వచ్చెయ్యమని మామగారి ఒత్తిడి (పెళ్లి చిన్నతనంలోనే అయిపోయింది, ఆ రోజుల్లో అంతే). కాలేజీ మధ్యలో ఆగిపోయింది. 1852లో రాందేర్ బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఇప్పుడు సూరత్ నుంచి రాందేర్‌కు పది నిమిషాల్లో వెళ్లిపోతాం. అప్పుడు తాపీ నది మీద వంతెన లేదు. హోప్ వంతెన కట్టింది 1877లో. అంతవరకూ ఏరు దాటాలంటే పడవే దిక్కు.

ఈ మూడేళ్ల విరామం మాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపిస్తుంది. కాలేజీ మానేసి, ఉద్యోగంలో చేరి, ఇంటి బరువు మీద పడ్డాక మళ్లీ పుస్తకం పట్టేవాళ్లు తక్కువ. నర్మద్ పట్టారు. 1854లో బొంబాయి వెళ్లి మళ్లీ కాలేజీలో చేరారు. పట్టా చేతికి రాలేదు, కానీ చదువు మాత్రం ఆగలేదు. కవిత్వం రాయాలనిపించి చూసుకుంటే ఛందస్సు రాదు. నేర్పే తరగతి కూడా లేదు. తనంతట తానే వెతికి నేర్చుకున్నారు. 1857 నాటికి ‘పింగళ్‌ప్రవేశ్’ అనే ఛందస్సు పుస్తకం రాసి అచ్చు వేయించారు. నిన్నటిదాకా తనకు రాని విద్యను మొదటిసారి నేర్చుకునేవాళ్ల కోసం పుస్తకంగా రాశారన్నమాట. ఇంట్లో తమ్ముడికో చెల్లికో లెక్క చెప్పి చూసినవాళ్లకు ఇందులోని లాభం తెలుసు. చెప్పడం మొదలుపెట్టాకే మనకు ఎక్కడ సరిగ్గా రాదో బయటపడుతుంది.

ఇంకొకటి, ఆయన ఎప్పుడూ ఒంటరిగా చదవలేదు. పదిహేడు పద్దెనిమిదేళ్ల వయసులోనే స్నేహితులను కూడగట్టి సభ పెట్టారు. మనుషులు జట్టుగా కలవడం వల్ల లాభమేమిటో అక్కడ ఒక వ్యాసం చదివారు. గుజరాతీలో మొదటి వ్యాసంగా దాన్నే చెప్పుకుంటారు.

1858లో ఉద్యోగం వదిలేసి రాతమీదే బతకాలని నిశ్చయించుకున్నారు. 1864లో ‘దాండియో’ అనే పక్షపత్రిక పెట్టి సంఘంలోని దురాచారాల మీద ఘాటుగా రాశారు. ఈ పనులన్నిటి మధ్యా మాటలు పోగుచేస్తూనే ఉన్నారు. గుజరాతీ మాటకు గుజరాతీలోనే అర్థం చెప్పే నిఘంటువు అంతవరకూ లేదు. ఆయన ఒక్కరే కూర్చుని పాతిక వేలకు పైగా మాటలు చేర్చి ‘నర్మకోశ్’ తయారుచేశారు. కొంత కొంతగా అచ్చవుతూ వచ్చి, 1873లో మొత్తం పుస్తకం వెలువడింది. దాని వల్ల డబ్బేమీ మిగల్లేదు. 1882లో, దాదాపు పాతికేళ్ల తరువాత, మళ్లీ ఉద్యోగంలో చేరక తప్పలేదు. 1886 ఫిబ్రవరి 26న బొంబాయిలో పోయారు. ఆమ్లీరాన్‌లోని ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది. ఊరికి వెళ్లేముందు ఒక ఆదివారం చూసి రావచ్చు.

ఇక మన సంగతి. మిగతా పిల్లలకు వేసవి అంటే ఆటవిడుపు. మనకు చాలాసార్లు అది రెండు బడుల మధ్య ఖాళీ కూడా. బదిలీలు సాధారణంగా ఈ రోజుల్లోనే వస్తాయి. సామాన్లు సర్దేటప్పుడు అట్టపెట్టెల్లోకి ముందుగా వెళ్లేవి పుస్తకాలే, బయటికి ఆఖరున వచ్చేవీ అవే! ఈలోగా ఎక్కాలు మరిచిపోతాం. చిన్నవాళ్లయితే చేతిరాతే మారిపోతుంది. అందుకని ఒక పుస్తకాల సంచి లారీలో వెయ్యకుండా మనతోనే ఉంచుకుందాం. ఒక లెక్కల పుస్తకం, ఒక కథల పుస్తకం, ఒక తెల్ల నోటుబుక్కు చాలు. హాలిడే హోంవర్క్‌ను చివరి మూడు రోజులకు నెట్టే ఘనులకు ఈ సంచి మరీ అవసరం.

ఆ నోటుబుక్కు నర్మద్ చేసిన పనికోసం. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్లులోనో విజయవాడలోనో దిగి అమ్మమ్మ ఊరు చేరాక చెవులు తెరుచుకుని ఉంటే చాలు. ఇక్కడ సూరత్ బజారులో దూధీ అనేదాన్ని ఒక ఊళ్లో సొరకాయ అంటారు, ఇంకో ఊళ్లో ఆనపకాయ అంటారు. తాతయ్య పొలం పనిముట్టుకు చెప్పే పేరు మన పాఠ్యపుస్తకంలో ఉండదు. రోజుకు ఐదు మాటలు రాసుకుంటే నలభై రోజుల్లో రెండు వందలు. తెలుగు రాయడం రానివాళ్లకు అమ్మో, పెద్దమ్మ పిల్లలో అక్షరాలు దిద్దిస్తారు. ఆ వంకనే రాత వస్తుంది. గిడుగు వారు చేసిందీ ఇలాంటి పనే. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో ఉంచుకుని, విన్న మాట విన్నట్టు రాసుకుంటూ సవర భాష నేర్చుకున్నారు. చివరికి 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది.

ఇంట్లో చిన్నవాళ్లుంటే ఆ మాటలకు బొమ్మలు వాళ్లచేత వేయించండి. అర్థాలు మీరు రాయండి. జూన్‌లో బడి తెరిచాక ఒక్కొక్కరు పదేసి మాటలు, ఏ ఊళ్లో ఎవరి నోట విన్నారో కూడా రాసి తెలుగు విభాగానికి ఇవ్వండి. వచ్చే సంచికలో రెండు పేజీలు వాటికోసం ఖాళీగా ఉంచుతున్నాం. ఈలోగా బదిలీ మీద వెళ్లిపోయేవాళ్లు కొత్త ఊరి నుంచి ఉత్తరం రాసి పంపినా వేస్తాం.